ఓడకి బ్రేకులుండవు

మా డాబా మీద బట్టలారేసే తాడు ఒకటుంది. నెలకోసారి అది జారిపోతే అమ్మ విప్పి మళ్ళీ బిగించి కడుతుంది. ఆ బిగించినంతసేపూ నాన్న నన్నూ తమ్ముణ్ణీ తాడుకి ఎదురుగా నిలబడనివ్వడు. "పక్కకి రండి, పక్కకి రండి" అని ఒకటే గోల. అది మామూలు నైలాన్ తాడు. దాని మీద ఆరేవి రెండు చీరలు, నాలుగు చొక్కాలు. పక్కింటి మామి చూసి నవ్వుతుంది. "తెగితే ఏమవుతుంది సార్, బట్టలు కింద పడతాయి, అంతేగా" అంటుంది తమిళంలో. నాన్న మాత్రం నవ్వడు.

మా ఇంట్లో ఇలాంటి రూల్స్ ఇంకా ఉన్నాయి. చుట్టగా పడున్న తాడు మధ్యలో కాలు పెట్టకూడదు. అది నీళ్ళ పైపైనా సరే. తలుపు వేస్తే గడియ దాకా వెయ్యాలి, ఓరగా వదలకూడదు. ఎవరైనా పని చెప్తే, చెప్పిన మాటని తిరిగి చెప్పి అప్పుడు కదలాలి. "అరకిలో టమాటాలు, కొత్తిమీర కట్ట" అని నాన్న అంటే, మేం "అరకిలో టమాటాలు, కొత్తిమీర కట్ట" అనేసి చెప్పులు వేసుకోవాలి. వేరే ఇళ్ళల్లో ఇలా ఉండదని నాకు ఆరో క్లాసులో స్నేహితురాలి ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది. వాళ్ళమ్మ ఉప్పు తెమ్మంటే నేను "ఉప్పు తేవాలి" అన్నాను. ఆవిడ నాకు చెముడేమో అనుకుంది.

ఈ రూల్స్ అన్నీ నాన్న పనిచేసే పడవలోంచి మా ఇంటికి వచ్చాయి. నాన్న చెన్నై పోర్టులో టగ్గు మీద పనిచేస్తాడు. ఒక రోజంతా టగ్గులో, మర్నాడు ఇంట్లో. స్కూల్లో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే "పోర్టులో" అనేదాన్ని. "ఓ, ఎయిర్‌పోర్టా?" అనేవాళ్ళు. కాదని వివరించడానికి బద్ధకం, కొంచెం సిగ్గు కూడా. అవునన్నట్టు తలూపేసేదాన్ని.

వాళ్ళ తప్పేమీ లేదు. టి. నగర్లో ఉండేవాళ్ళకి ఈ ఊళ్ళో ఒక రేవుందన్న సంగతే గుర్తుండదు. మాంబళంలో ఎలక్ట్రిక్ ట్రైనెక్కితే ఏడో స్టేషను బీచ్. దిగి రోడ్డు దాటితే పోర్టు గోడ. అంత దగ్గర. రంగనాథన్ వీధిలో మనం బేరమాడి కొనే చైనా బొమ్మలు ఏదో ఒక రేవులో దిగినవే. ఆ బొమ్మల ఓడని గట్టుకి చేర్చింది ఏదో ఒక టగ్గే.

టగ్గు సరుకు మొయ్యదు. మనుషుల్ని ఎక్కించుకోదు. సుమారు ముప్ఫై మీటర్ల పొడవుంటుంది, అంటే మూడు బస్సులు వరసగా నిలబెడితే ఎంతో అంత. లోపల ఎక్కువ భాగం ఇంజన్లే. ఇప్పటి టగ్గులు చాలావాటికి వెనకవైపు అడుగున రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. అవి ఉన్నచోటే 360 డిగ్రీలు తిరుగుతాయి. అందుకని టగ్గు ముందుకీ వెనక్కీ మాత్రమే కాదు, పీతలాగా పక్కకి కూడా నడుస్తుంది. ఒంటి చుట్టూ నల్లటి రబ్బరు, టైర్లు. దాని బలాన్ని టన్నుల్లో చెప్తారు. టగ్గుని గట్టు మీది ఇనప గుంజకి కట్టేసి, మధ్యలో కొలిచే సాధనం పెట్టి, ఇంజను ఫుల్లుగా వదిలితే ఎంత లాగుతుందో అదీ లెక్క. దాన్ని బొలార్డ్ పుల్ అంటారు. ఈ రోజుల్లో రేవు టగ్గులు 50, 60 టన్నులు లాగేవి మామూలే.

మనది తెలుగు డిపార్ట్‌మెంట్ కాబట్టి మాటల సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ తమిళం. నాన్నది భీమిలి దగ్గర పల్లె, అమ్మది చెంగల్పట్టు. కానీ నాన్న పని మాటలు పుట్టినవి ఎక్కువగా ఈ రెండు భాషల్లోనూ కాదు. పడవ పెద్ద సరంగు. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి కూడా మనవాళ్ళు అలాగే అంటారు. అది పారసీ మాట, 'సర్‌హంగ్' నుంచి వచ్చింది. లస్కర్ కూడా అక్కడిదే, లష్కర్ అంటే సైన్యం. చుక్కాని పట్టేవాడు సుఖాని. తమిళంలో చుక్కానిని సుక్కాన్ అంటారు, అరబ్బీలో కూడా అదే మాట. వీళ్ళందరి మధ్యా తండేలు ఉన్నాడు. ఇది మన దక్షిణాది తీరాల మాటే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'టిండాల్' అని రాసుకుని ఉద్యోగం పేరు చేశారు. ఇప్పుడు కాగితాల మీద అన్నీ ఇంగ్లీషు పోస్టులే అయినా, డెక్కు మీద తాళ్ళ పని చూసే మా నాన్నని పాతవాళ్ళు తండేలనే పిలుస్తారు. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' సినిమా వచ్చింది కదా, పాకిస్తాన్‌కి చిక్కిన శ్రీకాకుళం జాలర్ల కథ. ఆ పేరు తెర మీద పడగానే నాన్న "మా పోస్టే" అన్నాడు, ముందు వరసలవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.

టగ్గు పని ఓడని లాగడం అని చాలాకాలం అనుకున్నాను. పేరే అలా ఉంది. తమిళంలో కూడా ఇళువై పడగు, లాగే పడవ. కానీ ముఖ్యమైన పని లాగడం కాదుట. ఆపడంట.

ఓడకి బ్రేకులుండవు. రెండు వందలు, మూడు వందల మీటర్ల పొడవున్న ఓడ, వేల టన్నుల సరుకుతో వస్తుంది. ఇంజను ఆపినా ఊపు మీద చాలా దూరం పోతూనే ఉంటుంది. మరి రేవులోకి రావాలంటే వేగం తగ్గించాలి. వేగం తగ్గితే చుక్కాని మాట వినదు. ఎందుకంటే చుక్కాని పనిచేసేది దాని మీదుగా నీళ్ళు జోరుగా పారుతున్నప్పుడే. అంటే, ఇరుకులోకి వచ్చి, పక్కన గోడలూ వేరే ఓడలూ ఉన్నప్పుడే, అంత పెద్ద ఓడకి తన ఒళ్ళు తన స్వాధీనంలో ఉండదు. అప్పుడు పోర్టు పైలట్ ఆ ఓడ మీద నిలబడి వాకీటాకీలో చెప్తూ ఉంటే, ముందొక టగ్గూ వెనకొక టగ్గూ దాన్ని పట్టుకుని, తిప్పి, నెమ్మదించి, గట్టు పక్కన పెడతాయి.

నాన్న దీన్ని నాకు మైలాపూర్లో చెప్పాడు. పంగుని ఉత్సవంలో కపాలీశ్వరుడి తేరు మీలో చాలామంది చూసే ఉంటారు. లాగే మోకుల దగ్గర వందలమంది. అందరి ఫోటోలూ వాళ్ళవే. కానీ చక్రం పక్కనే వంగి నడిచే కొద్దిమంది ఉంటారు, వాళ్ళ చేతుల్లో చెక్క మొద్దులు. తమిళంలో ముట్టుకట్టై అంటారు. తేరు ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో చూసి చక్రం కింద మొద్దు వేస్తారు. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంకేమీ ఉండదు. నాన్న వాళ్ళని చూపించి, "మా పని అదేనమ్మా. లాగేవాళ్ళు వెయ్యి మంది దొరుకుతారు. మేం ఆ మొద్దులం" అన్నాడు. అప్పుడు కూడా నన్ను మోకుకి ఎదురుగా నిలబడనివ్వలేదు.

నేను ఇంటర్‌కి సమానమైన ప్లస్ టూలో ఉండగా, 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలి అనే కంటైనర్ ఓడ వంతెనని గుద్దింది. ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ మన దేశం వాళ్ళే. రాత్రి పూట కరెంటు పోయి, ఓడ అదుపు తప్పి స్తంభానికి తగిలింది. వంతెన మీద రోడ్డు రిపేరు చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ వీడియో నేను నాన్నకి చూపించాను. మూడుసార్లు చూశాడు. "టగ్గులేవి?" అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది. గట్టు నుంచి బయటికి తేవడానికి రెండు టగ్గులు సాయం చేశాయి, పని అయిపోయిందని వంతెనకి ముందే వదిలేశాయి. అక్కడ మామూలుగా అలాగే చేస్తారట. నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తనకేమీ సంబంధం లేని ఊళ్ళో జరిగిన దానికి ఎందుకింత బాధ అని అమ్మ అడిగింది. "వదిలెయ్యమంటే వదిలేస్తాం మేం కూడా" అన్నాడు.

ఇప్పుడు తాడు గురించి చెప్తాను. ఇది రాయడానికే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను.

టగ్గు మోకు మన చెయ్యి మందం కంటే ఎక్కువుంటుంది. పూర్వం కొబ్బరి నార, మనీలా నార, తర్వాత ఉక్కు తీగ. ఇప్పుడు ఉక్కంత గట్టిగా ఉండి నీళ్ళ మీద తేలే ప్లాస్టిక్ దారాల మోకులు వచ్చాయి. ఏ మోకైనా యాభై టన్నుల బిగువులో తెగితే దాని కొస వెనక్కి కొరడాలా కొడుతుంది. అది ఎటు వస్తుందో చూసి తప్పుకునే టైముండదు. అందుకే బిగిసిన మోకుకి ఎదురుగా, దాని దారిలో ఎవరూ నిలబడకూడదు. చుట్టలో కాలు పెట్టకూడదు, ఎందుకంటే ఆ చుట్ట ఏ క్షణంలో అయినా విప్పుకుని నీళ్ళలోకి పోవచ్చు.

తలుపు గడియ సంగతి వేరే. పెద్ద ఓడ లాగుతూ ఉంటే ఒక్కోసారి మోకు టగ్గుని పక్కవాటుగా గుంజుతుంది. హుక్కు వెంటనే వదలకపోతే టగ్గు క్షణాల్లో తిరగబడుతుంది. 2007 డిసెంబరు 19న స్కాట్లండ్‌లో క్లైడ్ నది మీద, పొగమంచులో ఓడని తీసుకువెళ్తున్న ఫ్లయింగ్ ఫాంటమ్ అనే టగ్గు ఇలాగే తిరగబడింది. లోపల నలుగురు. ఒక్కడే బతికాడు. అందుకే ఓడని పట్టుకుని ఉన్నంతసేపూ టగ్గు తలుపులన్నీ బిగించి ఉండాలి. ఒరిగితే నీళ్ళు లోపలికి రాకూడదు.

నేను మూడో క్లాసులో ఉండగా నాన్న స్నేహితుడు ఒకాయన పోయాడు. మేం పెద్దనాన్న అని పిలిచేవాళ్ళం. ఆయనదీ భీమిలి వైపే. నాన్నకి మోకు అల్లడం నేర్పింది ఆయనే. మా ఇంటికొస్తే జేబులో బెల్లం జీళ్ళు తెచ్చేవాడు. వేరే రాష్ట్రంలో ఒక రేవులో, మోకు తెగి పోయాడు. ఏ రేవు, ఎవరి పడవ అన్నది ఇక్కడ రాయను. అప్పటికి నాన్న ఆ పడవ మీదే ఉన్నాడు. చాలా రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాతే మా డాబా మీది తాడుకి రూల్ వచ్చింది. నాకు ఆ రెండూ ఒకదానికొకటి సంబంధం అని అప్పుడు తెలీదు.

ఈ ఏడాది మే నెలలో నాన్న ఎడమ చేతి రెండు వేళ్ళు మోకుకీ ఇనప గుంజకీ మధ్య నలిగాయి. వాన పడి తడిగా ఉంది, చెయ్యి జారింది, ఎవరి తప్పూ కాదు అంటాడు నాన్న. వేళ్ళు ఉన్నాయి, కానీ ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. పిడికిలి పట్టమంటే మూడు వేళ్ళే వస్తాయి.

అప్పుడే ఇంట్లో గొడవ మొదలైంది. అమ్మ టి. నగర్లో ఒక చీరల షాపులో పనిచేస్తుంది. చూసి వదిలేసిన చీరలు మడతపెట్టే పని. మనం పది చీరలు విప్పించి ఒకటి కూడా కొనకుండా వెళ్తామే, ఆ పదీ అమ్మ చేతికి వస్తాయి. వాళ్ళ షాపులో సెక్యూరిటీ పోస్టు ఖాళీ అయింది. దీపావళి సీజన్ కోసం మనిషి కావాలి. "ఇంగ పారుంగ, మన వీధి చివరే షాపు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తినొచ్చు. ఇప్పుడు కూర్చోడానికి స్టూలు కూడా ఉంటుంది" అంది అమ్మ. ఆ స్టూలు మాట నవ్వుకోడానికి కాదు. షాపుల్లో పనిచేసేవాళ్ళు కూర్చునేందుకు వీలుండాలని తమిళనాడులో 2021లో చట్టం వచ్చింది. అంతకుముందు ఎన్నేళ్ళు నిలబడిందో అమ్మ కాళ్ళకి తెలుసు. కాబట్టి స్టూలు ఉండే ఉద్యోగం అంటే ఆవిడ దృష్టిలో మంచి ఉద్యోగం.

నేను అమ్మ పక్షం. గట్టిగానే మాట్లాడాను. "పెద్దనాన్నలాగా నువ్వు కూడా వెళ్ళిపోతే మేమేం చెయ్యాలి?" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. నాన్న ఏమీ అనలేదు. డాబా మీదికి వెళ్ళిపోయాడు. తర్వాత చాలాసేపటికి వచ్చి, "ఆయుధ పూజకి మీరంతా టగ్గుకి రండి. చూశాక చెప్పండి" అన్నాడు.

2025 అక్టోబరు 1, బుధవారం. పాసులు తీసుకుని, అమ్మ, నేను, తమ్ముడు వెళ్ళాం. టగ్గుని చూసి గుర్తుపట్టలేకపోయాను. వీల్‌హౌస్‌కి రెండు వైపులా అరటి చెట్లు కట్టారు. రైలింగుకి మామిడి తోరణాలు. ఇంజన్ల మీద విభూతి, చందనం, కుంకుమ. పెద్ద స్పానర్లకీ బొట్లే. బొరుగులు, శనగపప్పు, బెల్లం పళ్ళెంలో. సరంగుగారు తమిళుడు, ఇంజను చూసేది ఒడియా ఆయన, ఇంకొకతను కాకినాడ, వంట ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళది. చారులో పప్పు వెయ్యాలా వద్దా అన్నది ఆ పడవలో ఇప్పటికీ తేలని తగాదా అట. నాలుగడుగుల వంటగది, రెండు మంచాలున్న గది, నూనె వాసన, గోడకి తిరుపతి వెంకన్న, పక్కనే మేరీమాత.

కర్పూరం వెలిగించాక అందరూ ఇంజన్లకి దణ్ణం పెట్టుకుంటూ ఉంటే, అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ముందు డెక్కు మీదికి వెళ్ళింది. అక్కడ మోకు చుట్టిన పెద్ద డ్రమ్ముంది. "ఇదేనా?" అంది నాన్నతో. "ఇదే" అన్నాడు. అమ్మ మోకుకి మూడు చోట్ల బొట్టు పెట్టింది. చేత్తో ఒకసారి తడిమి చూసింది. తన షాపులో పట్టు పోగు చూసినట్టే, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇంకేమీ అనలేదు.

బూడిద గుమ్మడికాయ కొట్టేలోపే వాకీటాకీ మోగింది. కార్ల ఓడ ఒకటి బయట తయారుగా ఉంది, పైలట్ ఎక్కేశాడు. ఓడలకి పండగలుండవు కదా. మమ్మల్నందరినీ గట్టు మీదికి దింపేశారు. అరటి చెట్లు విప్పే టైము లేదు. వాటితోనే టగ్గు బయల్దేరింది. పెళ్ళికొడుకు పెళ్ళి బట్టలతోనే బావిలో బిందె తియ్యడానికి దిగినట్టుంది. పిల్లలందరూ నవ్వారు.

గట్టు మీద గోడ నీడలో కూర్చుని ఎదురు చూశాం. మద్రాసుకి సహజంగా రేవు లేదని మీకు తెలిసే ఉంటుంది. తిన్నటి ఇసక తీరం, ఎప్పుడూ విరిగే అలలు. పూర్వం ఓడలు దూరంగా ఆగితే, మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకునీ తెచ్చేవాళ్ళు. వాటికి మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు, అల కొట్టినా విరగకుండా వంగాలని. 1861లో సముద్రంలోకి ఒక వంతెనలాంటి పియర్ కట్టారు. 1876లో రాతి గోడల రేవు పని మొదలుపెట్టారు. పూర్తికావస్తుండగా 1881 తుపాను దాన్ని కూల్చేసింది. మళ్ళీ కట్టారు. 1904 తర్వాత ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కాలంలో, తూర్పు వైపున్న ద్వారాన్ని మూసి ఈశాన్యం వైపు తెరిచారు.  నేను కూర్చున్న గట్టు కూడా అలా మనుషులు పేర్చినదే అనుకుంటే, తాడుతో కుట్టిన పడవ నుంచి నాన్న మోకు దాకా ఒకే పని సాగుతున్నట్టు అనిపించింది.

ఓడ వచ్చింది. కార్ల ఓడంటే కిటికీల్లేని పన్నెండంతస్తుల గోడ నీళ్ళ మీద కదిలి వచ్చినట్టుంటుంది. రెండు వందల మీటర్ల పొడవు. మన శ్రీపెరుంబుదూర్ వైపు తయారయ్యే కార్లు ఇలాంటి ఓడల్లోనే బయటి దేశాలకి వెళ్తాయి. అంత ఎత్తు గోడకి గాలి తగిలితే అదే తెరచాప అయిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైంది. ఓడ గట్టు వైపుకి జరిగిపోతోందని నాక్కూడా తెలిసింది.

గట్టు మీద తాళ్ళు అందుకునేవాళ్ళ దగ్గర ఒక వాకీటాకీ ఉంది. అందులో పైలట్ గొంతు వినిపించింది. టగ్గు పేరు, ఆ తర్వాత "పుల్ ఈజీ". వెంటనే మా సరంగుగారి గొంతు, "పుల్ ఈజీ". "పుల్ హాఫ్." "పుల్ హాఫ్." తమ్ముడు నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. అరకిలో టమాటాలు, కొత్తిమీర కట్ట.

నాన్న ముందు డెక్కు మీద కనిపించాడు. ఆ గోడ కింద అగ్గిపుల్లంత. పైనుంచి ఓడవాళ్ళు సన్నటి తాడు వదిలారు. నాన్న దాన్ని అందుకుని మా మోకు కొసకి ముడేశాడు. వాళ్ళు పైకి లాక్కుని ఓడ గుంజకి తగిలించుకున్నారు. నాన్న చెయ్యెత్తి చూపించి, గబగబా వెనక్కి, పక్కకి వెళ్ళిపోయాడు. అది మా డాబా మీద నడిచే నడకే. మోకు నీళ్ళలోంచి లేచింది. బిగుస్తున్నకొద్దీ, తడి బట్ట పిండినట్టు దాన్లోంచి నీళ్ళు కారాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో తర్వాత చూసుకుంటే గాజు అచ్చు పడింది.

టగ్గు ఓడని గట్టుకి దూరంగా గుంజుతోంది. ఓడ గట్టుకే వస్తోంది. కానీ నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా. పొగ గొట్టం నల్లగా పొగ కక్కుతోంది, వెనక నీళ్ళు తెల్లగా మరుగుతున్నాయి, అంత బలం పెట్టి టగ్గు చేసిందల్లా ఆ ఓడని తొందరపడనివ్వకపోవడం. చివరికి గట్టు రబ్బరుకి ఓడ తగిలినప్పుడు చప్పుడే రాలేదు. ఓడ తాళ్ళు గట్టుకి కట్టాక, "లెట్ గో" అన్నారు. "లెట్ గో" అన్నాడు సరంగు. మోకు జారి టగ్గు మీద పడింది. ఓడ మీదవాళ్ళు అప్పటికే వేరే పనిలో ఉన్నారు. టగ్గు వెనక్కి తిరిగి వచ్చేసింది. ఒక అరటి చెట్టు ఆకులు చీలికలు పీలికలయ్యాయి. రెండోది మొదలంటా విరిగి వేలాడుతోంది. అప్పుడు గుమ్మడికాయ కొట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్లో నాకు పెద్దనాన్న గుర్తొచ్చాడు. నేనన్న మాటకి సారీ చెప్పాలనిపించింది, కానీ మాంబళం వచ్చేదాకా నోరు రాలేదు. ప్లాట్‌ఫారం మీద దిగాక, "నాన్నా, తాడు బిగిసేముందు నువ్వు పక్కకి వెళ్ళడం చూశాను" అన్నాను. నాన్నకి అర్థమైంది. "రోజూ వెళ్తానమ్మా" అన్నాడు.

దీపావళికి వారం ముందు షాపువాళ్ళకి రానని చెప్పేశాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నాన్న డ్యూటీ. పొద్దున్నే లేచి చూస్తే క్యారియర్ కట్టి గుమ్మం దగ్గర పెట్టుంది. పై గిన్నెలో పప్పు వేసిన చారు. అమ్మ ఒప్పుకుందని మాత్రం నేను అనుకోవడం లేదు. ఆ వేళ్ళు ముడుచుకోనంతకాలం ఆవిడ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. నేను మాత్రం ఆ షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. డ్యూటీ దిగగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వమని అడిగాను. ఇస్తున్నాడు. కొన్నిసార్లు తెల్లవారుజామున మూడింటికి. ఫస్ట్ అవర్ క్లాసులో నేను ఆవలిస్తే మేడమ్ క్షమించాలి.

ఈ ఏడాది కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి అనే గడిలో 'పోర్టు' అని రాయలేదు. 'టగ్గు తండేలు' అని రాశాను. ఆఫీసులో అక్క చదివి, "అదేంటి?" అంది. క్యూలో నా వెనక ఎనిమిదిమంది ఉన్నారు. అయినా చెప్పాను. ఈసారి మెరీనాలో పెద్ద ఓడ కనిపిస్తే, దాని పక్కన చిన్న పడవేదైనా ఉందేమో చూడండి.